అడగొచ్చా అని అడగకూడదట

"అడగొచ్చా అని అడగకు. అడుగు." ఫిన్లాండ్‌లోని ఔలులో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాకు పడిన చీవాటు ఇది, అదీ టీమ్ మొత్తం చూసే ఐఆర్‌సీ (ఇంటర్నెట్‌లో టైపు చేసి మాట్లాడుకునే చాట్) ఛానెల్లో. నేను రాసింది మామూలు మాటే. గుడ్ మార్నింగ్, అందరూ ఎలా ఉన్నారు, బిజీగా లేకపోతే ఒక డౌటు అడగొచ్చా? జవాబిచ్చినతను నాకు రెండు కుర్చీల అవతలే కూర్చున్నాడు. తల కూడా తిప్పలేదు.

ఆ రోజంతా మనసు బాగోలేదు. పని మీద ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడే పని చెప్పేస్తామా? కూర్చుని, మంచినీళ్లు తాగి, పిల్లల చదువులు అడిగాక కదా "ఒక చిన్న పని మీద వచ్చానండీ" అంటాం. నాకు ఇప్పటికీ ఆ పద్ధతే నచ్చుతుంది.

ఈ ఐఆర్‌సీ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1988 ఆగస్టులో, ఔలు యూనివర్సిటీలో యార్క్కో ఓయ్‌కారినెన్ చేతుల్లో. మావాళ్లలో చాలామంది కుర్రతనం నుంచీ దీంట్లోనే మాట్లాడుకుంటున్నారు. నాకేమో స్లాష్ జాయిన్ కొట్టి, హ్యాష్ గుర్తుతో ఛానెల్ పేరు రాయాలని కూడా ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పేరు పెట్టుకోవడానికి స్లాష్ నిక్, ఒక్కరితోనే మాట్లాడాలంటే స్లాష్ క్వెరీ, ఎదుటివాళ్లెవరో తెలియకపోతే స్లాష్ హూయిజ్. స్లాష్ పార్ట్ అంటే ఒక్క ఛానెల్ నుంచి బయటికి రావడం, స్లాష్ క్విట్ అంటే మొత్తానికే వెళ్లిపోవడం. సీటు దగ్గర లేనప్పుడు స్లాష్ అవే అని కారణం రాసి పెట్టొచ్చు, నేను "భోజనం" అని రాసేవాణ్ణి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. స్లాష్ ముందు ఒక్క ఖాళీ కూడా పడకూడదు, పడితే ఆ లైను ఛానెల్లో అందరికీ కనిపిస్తుంది. మన పేరు మనదేనని సరిచూసే నిక్‌సర్వ్‌కి పంపాల్సిన నా పాస్‌వర్డ్ అలాగే అందరి ముందూ పడింది. ఒళ్లంతా చెమట పట్టింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నన్ను మందలించిన అతనే విడిగా క్వెరీలో "వెంటనే మార్చు" అంటూ, మార్చే కమాండు మొత్తం రాసి పంపాడు.

ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ప్రశ్న అడిగి, నాలుగున్నరకి క్విట్ కొట్టి ఇంటికెళ్లాను. మర్నాడు చూస్తే జవాబు లేదు. ఇంత మందిలో ఒక్కరూ పట్టించుకోలేదే అని బాధపడ్డాను. అతను తన స్క్రీన్ పైకి జరిపి చూపించాడు. ఆరు గంటలకే నాలుగు లైన్ల జవాబు రాశాడు! మనం లేనప్పుడు నడిచిన మాటల్ని సర్వర్ దాచిపెట్టి మనకివ్వదట. అప్పుడు లేచి నా పక్కకొచ్చి, ఎప్పుడూ నడిచే ఒక సర్వర్ మీద, మనం వెళ్లిపోయినా ఆగని "స్క్రీన్" అనే ప్రోగ్రాంలో ఇర్సీ అనే ఐఆర్‌సీ ప్రోగ్రాం పెట్టి, రాత్రంతా కనెక్షన్ ఉండేలా చేసిచ్చాడు. అరగంట పట్టింది. ప్రశ్న నేరుగా రాసి ఉంచితే ఎవరు ఎప్పుడొచ్చినా చూసి జవాబిస్తారనీ, ఉత్త హాయ్ పెడితే అందరూ పని ఆపి నీకేం కావాలో కనుక్కోవాలనీ చెప్పాడు. అదే అతని దృష్టిలో మర్యాద. కాదనలేకపోయాను. అయినా ముందు ఒక పలకరింపు రాసి, అదే లైన్లో ప్రశ్న రాస్తే ఎవరికి నష్టం? ఇన్నేళ్లయినా నేను అలాగే రాస్తాను.

మొన్న గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి నాకు క్వెరీలో "అన్నా, ఫ్రీగా ఉన్నారా? ఒక డౌటు" అని పెట్టింది. నా టీమ్‌వాళ్లయితే ఏం రాసేవారో తెలుసు. నేను "చెప్పమ్మా, తిన్నావా" అని రాశాను. తిన్నానంది. డౌటు తీరాక, ఛానెల్లో మాత్రం సూటిగా అడిగెయ్యమని, సాయంత్రం క్విట్ కొట్టకుండా వెళ్లమని చెప్పి, ఇర్సీ పెట్టివ్వడానికి ఆమె సీటు దగ్గరికి వెళ్లాను.