బండికి జీపీఎస్ యూనిట్: నేను కొన్న తీరు, వాడుతున్న తీరు

నల్లగొండ ఎండల గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రెండేళ్ల కిందట మే నెలలో దేవరకొండ, కల్వకుర్తి, వనపర్తి మీదుగా గద్వాలకు బయలుదేరినప్పుడు, హ్యాండిల్‌కు బిగించిన నా ఫోన్ కల్వకుర్తి చేరకముందే వేడెక్కిందన్న సందేశం చూపించి ఆరిపోయింది. ఫోన్ల తయారీదారులు సూచించే పరిసర ఉష్ణోగ్రత సాధారణంగా 35 డిగ్రీల వరకే ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఉదయం పది దాటితే ఆ హద్దు దాటిపోతుంది. పైగా వాన భయంతో దాన్ని ప్లాస్టిక్ కవరులో మూసి, చార్జింగ్ కూడా పెట్టాను కనుక తప్పు పూర్తిగా నాదే. ఇంజను కంపనం వల్ల ఫోన్ కెమెరాలో కటకాన్ని స్థిరంగా ఉంచే భాగం దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లో చెప్పిన మాట కూడా ఆ తర్వాతే చదివాను. అప్పటినుంచి బండికి విడిగా ఒక జీపీఎస్ యూనిట్, అంటే ఉపగ్రహాల సాయంతో దారి చూపే పరికరం, ఉండాలన్న ఆలోచన మొదలైంది.

కొనేటప్పుడు మొదట మ్యాపులు ఎలా ఉన్నాయని అడగడం సహజమే కాని, మ్యాపులో ఫోనే మెరుగు. విడి యూనిట్‌కు డబ్బు పెట్టేది తెర కోసం, ఒంటి గట్టిదనం కోసం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తెర కనబడాలి, చేతి తొడుగు తీయకుండా వేలు పనిచేయాలి, వాన పడితే తుడిచి ముందుకు సాగిపోవాలి. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి పరీక్షించిన ప్రమాణం అని అర్థం. మన వానలకు అది చాలును. బైకుల కోసమే తయారైనవాటిలో గార్మిన్ జూమో, టామ్‌టామ్ రైడర్ వరసలు పేరున్నవి. బీలైన్ మోటో మరో తోవ పట్టింది: మ్యాపునంతా చూపకుండా చిన్న గుండ్రటి తెర మీద బాణం గుర్తు, దూరం మాత్రమే చూపుతుంది, దారి లెక్క ఫోన్ చేస్తుంది. జాతీయ రహదారుల మీదే తిరిగేవారికి అది చాలు. తండాల మధ్య తిరిగే నాకు పక్కబాటలు కూడా కనబడాలి కనుక పెద్ద తెర ఉన్నదాన్నే, హైదరాబాద్‌లో ఒకరు వాడి అమ్మినదాన్ని తీసుకున్నాను. వాడినది కొనేవారు అందులో భారతదేశ మ్యాపు ఉందో లేదో అక్కడికక్కడే తెరిచి చూసుకోవాలి. లేకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా తయారుచేసిన మ్యాపును ఎక్కించుకునే వీలు గార్మిన్ యూనిట్లలో ఉంది.

బిగింపు విషయంలో నేను ఒక దెబ్బ తిన్నాను. మెకానిక్ వైరును నేరుగా బ్యాటరీకి కలిపాడు. నేను తాళం తీసేసినా యూనిట్ బ్రాకెట్ కరెంటు లాగుతూనే ఉండి, మూడు రోజులు నిలిపి ఉంచిన బండి సెల్ఫ్ కొట్టలేదు. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు నుంచి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి తీసుకోవడం సరైన పద్ధతి. యూనిట్‌ను మీటరుకు దగ్గరగా, చూపు రోడ్డు మీద నుంచి ఎక్కువ కిందికి దిగనక్కరలేని ఎత్తులో ఉంచాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకున్న తర్వాతే వైరు కట్లు వేయాలి.

వాడకంలో అసలు కష్టం ఊరి పేర్లతో వస్తుంది. రికార్డుల్లో గుండ్లపల్లి అని ఉన్న మండలాన్ని జనం డిండి అంటారు. పాలమూరు అని కొడితే నా యూనిట్‌కు ఏమీ తెలియదు. మహబూబ్‌నగర్ అని ఇంగ్లిషులో రాయడానికి మధ్యలో ఒక ‘ఏ’ పెట్టాలో వద్దో ఒక్కో బోర్డు ఒక్కోలా చెబుతుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటను నల్లగొండ జిల్లాలోనే చూపే పాత మ్యాపులు ఇంకా వాడుకలో ఉన్నాయి. అందుకే నేను పేరుకు బదులు అక్షాంశ రేఖాంశాలు కొట్టడం అలవాటు చేసుకున్నాను, అందులోనూ ఒకసారి బోల్తాపడ్డాను. నల్లగొండ పక్కన మిత్రుడి బత్తాయి తోటకు వెళ్లడానికి అతను పంపిన అంకె 17.05తో మొదలైంది. నా యూనిట్ డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో ఉందని గమనించక 17 డిగ్రీల 5 నిమిషాలు అని కొట్టాను. డిగ్రీకి అరవై నిమిషాలు కనుక నిజానికి 17.05 అంటే 17 డిగ్రీల 3 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు కనుక, తోటకు ఉత్తరంగా మూడున్నర కిలోమీటర్లకు పైగా దూరంలో, ఎవరిదో పత్తి చేను గట్టు మీద నిలబడ్డాను. కొత్త యూనిట్ తెరవగానే సెట్టింగులలో దశాంశ పద్ధతి పెట్టుకోవడం మేలు.

మరొక సెట్టింగు ‘దగ్గరి దారి’. దాన్ని మన ప్రాంతంలో ఎన్నడూ ఎంచుకోకూడదని నా అభిప్రాయం. అలంపూర్ వైపు ఒక శ్రావణమాసంలో అది నన్ను రోడ్డు దింపి నల్లరేగడి బాట ఎక్కించింది. మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుని బండి కదలకుండా పోయినప్పుడు, గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన చూసి, ‘సారూ, గీ బాట వాగుల దాక పోయి ఆగిపోతది, మల్ల రోడ్డుకే పోండ్రి’ అన్నాడు. కట్టె పుల్లతో మట్టి గీకడానికి అరగంట పట్టింది. మట్టి రోడ్లు వద్దన్న సెట్టింగును ఆ సాయంత్రమే పెట్టాను. పడవ దాటింపులు వద్దన్న సెట్టింగు కూడా ఉంటుంది. సోమశిల దగ్గర కృష్ణ అవతలికి వెళ్లే పడవను దారిగా లెక్కపెట్టే మ్యాపుతో ప్రయాణిస్తే ఆ సంగతి రేవుకు వెళ్లాక తెలుస్తుంది.

ముందురోజు ఇంట్లో కంప్యూటర్ మీద దారి గీసి యూనిట్‌లోకి ఎక్కించుకునేవారు రూట్‌కూ ట్రాక్‌కూ ఉన్న తేడా తెలుసుకోవాలి. రూట్ అంటే కొన్ని మజిలీల జాబితా. వాటి మధ్య దారిని యూనిట్ తన మ్యాపు ప్రకారం మళ్లీ లెక్కవేస్తుంది కనుక, గీసిన దారి మారిపోవచ్చు. ట్రాక్ అంటే చుక్కల వరుస; అది గీసినట్టే నిలుస్తుంది. నేను రెండూ ఎక్కించి, ట్రాక్‌ను తెర మీద రంగు గీతగా ఉంచి, మాట వినిపించే పని రూట్‌కు వదిలేస్తాను. రెండూ విడిపోయిన చోట బండి ఆపి ఆలోచిస్తాను.

చాలా వారాలు వాడకుండా పెట్టిన యూనిట్ మొదటిసారి తెరిచినప్పుడు ఆలస్యం చేస్తే చెడిపోయిందనుకోవద్దు. ఒక్కో ఉపగ్రహం తన స్థానాన్ని 30 సెకన్లకోసారి చెబుతుంది కాని, అన్ని ఉపగ్రహాల సమాచారమూ పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్ ఆ సమాచారాన్ని నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటుంది కనుక తొందరగా తేలుతుంది. శ్రీశైలం వెళ్లేటప్పుడు నేను అడవిలో చెట్ల కింద యూనిట్ తెరవను. అచ్చంపేటలో టీ తాగుతూ ఆకాశం కనబడే చోట బండి నిలిపి తెరుస్తాను. ఆ అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుందన్న సంగతి మాత్రం నా యూనిట్ ఇంతవరకూ ఒక్కసారీ చెప్పలేదు. రాత్రి పదకొండున్నరకు శ్రీశైలం చేరతావని అది నిశ్చింతగా లెక్క చూపుతుంది కనుక, గేటు వేళలను ఒక చీటీ మీద రాసి ట్యాంకు బ్యాగులో పెట్టుకుంటున్నాను.