చివరి ఎగ్జాస్ట్ పోర్టు

ఆదివారం. పొద్దున ఏడింటికే షెడ్డు తలుపులు తీశాను. మూడు వారాలుగా బల్ల మీదే ఉన్న టర్బో ఇంజన్ సిలిండర్ హెడ్‌లో (సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం) ఒక్క పోర్టు పని మిగిలింది, నాలుగో సిలిండర్‌లో కాలిన వాయువు బయటికి పోయే ఎగ్జాస్ట్ దారి. అది ఈ రోజు పూర్తి చేసి, మొదటి సిలిండర్‌లో పోర్టులను తెరిచి మూసే వాల్వులు కూర్చోబెట్టాలని అనుకున్నాను. రెండూ అయ్యాయి.

అసలు ఈ హెడ్ విప్పాల్సి వచ్చిందే రెండు, మూడు సిలిండర్ల మధ్య గాస్కెట్ (హెడ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య లీకు ఆపే పలక) లీకయినందుకు. ఇంతకు ముందు ఎవరో పాత గాస్కెట్ ముక్కలు ఊడదీయడానికి హెడ్ ఫేస్ (గాస్కెట్ ఆనే అడుగు ముఖం) మీద సాండింగ్ డిస్క్ ఆడించారు. అల్యూమినియం మెత్తన, డిస్క్ తగిలిన చోటల్లా పల్లం పడుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి చూస్తే సరిగ్గా ఆ రెండు సిలిండర్ల మధ్య 0.08 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరిపోయింది. ఈ ఇంజన్‌కు ఆ సందు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. పొరలు పొరలుగా ఉండే స్టీల్ గాస్కెట్‌కు నునుపైన, చదునైన ఫేస్ కావాలి, అందులోనూ టర్బో ఒత్తిడి పడే ఇంజన్‌లో. ఫేసింగ్‌లో (ఫేస్‌ను చదునుగా చెక్కించడంలో) 0.10 మిల్లీమీటర్లు తీయించి, అప్పుడే కొత్త గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) కూడా వేయించాను. సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగు) కోసే కట్టర్‌కు గైడే ఆధారం, కాబట్టి గైడ్లు మారాకే సీట్ల జోలికి వెళ్లాలి.

తమ్ముడు లైటు పట్టుకోవడానికి వచ్చాడు. కాసేపు చూసి, "అన్నా, టర్బో గాలిని ఎలాగూ తోస్తుంది కదా, ఈ రుద్దుడంతా ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. గ్రైండర్ ఆపి చెప్పాను. బూస్ట్ గేజ్ చూపించేది ఒత్తిడిని, లోపలికి వెళ్లిన గాలిని కాదు. దారి ఇరుకైనా ముల్లు పైకే పోతుంది. అదే బూస్ట్‌లో దారి సాఫీగా ఉంటే ఎక్కువ గాలి లోపలికి వెళ్తుంది. ఇక ఎగ్జాస్ట్ వైపు, టర్బోను తిప్పే టర్బైన్ చక్రానికి ముందు, పోర్టుల గ్యాస్ కలిసే మానిఫోల్డ్ గొట్టంలో ఉండే ఒత్తిడి చాలాసార్లు బూస్ట్ కన్నా ఎక్కువే ఉంటుంది. అప్పుడు కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు. మిగిలిన ఆ వేడి గ్యాస్ కొత్త గాలితో కలిసి నాక్‌కు (ఇంధన మిశ్రమం అదుపు లేకుండా తనంతట తాను మండడం) దారి తీస్తుంది. అందుకే నా దృష్టంతా ఎగ్జాస్ట్ మీదే.

అయితే పోర్టింగ్ అంటే రంధ్రం పెద్దది చేయడం అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. నేను తీసిన లోహంలో ఎక్కువ భాగం సీటు కిందే తీశాను. ఫ్యాక్టరీ కట్టర్ ఆగిన చోట, పోతపోసిన గోడకూ సీటు రింగుకూ మధ్య వేలికి తగిలేంత మెట్టు ఉంటుంది. గ్యాస్ వేగంగా వచ్చి అక్కడే చెదురుతుంది. ఆ మెట్టును గోడలో కలిపేస్తే సగం పని అయినట్టే. అల్యూమినియానికి పళ్లు ఎడంగా ఉన్న కార్బైడ్ బర్ (గ్రైండర్‌కు బిగించే గట్టి కోత ముక్క) వాడాలి, లేకపోతే పొడి పళ్ల మధ్య ఇరుక్కుపోతుంది. మధ్యమధ్య బర్‌ను కిరసనాయిల్లో ముంచుతూ పోయాను.

పోర్టు వంపు తిరిగే చోట లోపలి అంచును మాత్రం దాదాపు ముట్టుకోలేదు. గరుకు పోయేలా ఉప్పు కాగితంతో రుద్దానంతే. అక్కడ లోతు చేస్తే వంపు మరీ చురుగ్గా మారి, ప్రవాహం గోడను వదిలేస్తుంది. పోర్టులోకి పొడుచుకొచ్చిన గైడ్ భాగాన్ని కొందరు పూర్తిగా కోసేస్తారు. నేను పక్కలు మాత్రం సన్నం చేసి, పొడవు అలాగే ఉంచాను. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలేది సీటు ద్వారా, గైడ్ ద్వారానే. టర్బో ఇంజన్‌లో ఆ దారిని కుదించడానికి నా మనసు ఒప్పలేదు. బయటి నోరు కూడా మానిఫోల్డ్ గాస్కెట్ గీతకు అర మిల్లీమీటరు లోపలే ఆపాను. పోర్టు అనవసరంగా పెద్దదైతే గ్యాస్ వేగం తగ్గుతుంది, టర్బో అందుకోవడం ఆలస్యమవుతుంది. పదకొండింటికి ఆఖరి కాగితం పెట్టాను. ఎగ్జాస్ట్‌ను నున్నగా చేశాను, మసి తక్కువ పడుతుందని. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్‌ను ఎనభై నంబరు కాగితం గరుకుతోనే వదిలేశాను.

తర్వాత హెడ్ మొత్తం కడిగాం. నూనె దారుల్లో బ్రష్ దూర్చి మూడుసార్లు. ఒక్క లోహపు పొడి రేణువు మిగిలినా అది వెళ్లేది వాల్వులు తెరిచే క్యామ్ బేరింగ్‌లోకి, టర్బో షాఫ్ట్ మీదికి.

మధ్యాహ్నం చేతి కట్టర్లతో మొదటి సిలిండర్ సీట్లు కోశాను. వాల్వు ఆనే ముఖం 45 డిగ్రీలు, పైన 30, కింద 60. ఆనే వెడల్పు ఇన్‌టేక్‌కు 1.2, ఎగ్జాస్ట్‌కు 1.5 మిల్లీమీటర్లు. ఎగ్జాస్ట్‌కు ఆ అదనపు వెడల్పు కూడా వేడి కోసమే. గరుకు పేస్ట్ రాసి, వాల్వును సీటు మీద అరగదీసే ల్యాపింగ్ కర్రను అరచేతుల మధ్య తిప్పుతుంటే మొదట గరగరమంటుంది, కాసేపటికి ఆ శబ్దం మెత్తబడుతుంది. నాకు ఈ మొత్తం పనిలో చాలా ఇష్టమైన ఘడియ అదే.

వాల్వులు, స్ప్రింగులు, ప్లగ్గు పెట్టి, యాక్రిలిక్ పలక మూసి, బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టం) ద్రవం పోసి చాంబర్ (ఇంధనం మండే గది) కొలిచాను. 46.2 సీసీ. ఫేసింగ్‌కు ముందు 46.6. చాంబర్ తగ్గినందుకు కంప్రెషన్ (గాలిని నొక్కే నిష్పత్తి) పెరిగింది చాలా కొంచెమే కాబట్టి టెన్షన్ తీరింది.

చివరగా పోర్టుల్లో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగాం. ఒక ఎగ్జాస్ట్ వాల్వు అంచున సన్నటి తడి కనిపించింది. మళ్లీ విప్పి నీలం రంగు రాసి చూస్తే, సీటు చుట్టూ పడాల్సిన గీత ఒక చోట గోరంత మేర తెగిపోయి ఉంది. ఇంకోసారి ల్యాపింగ్ చేసి, కడిగి, బిగించి, మళ్లీ పోశాను. ఈసారి పావుగంట చూశాం. పొడిగానే ఉంది. తమ్ముడు వేలితో తడిమి చూసి, నోట్‌బుక్‌లో ఒకటో సిలిండర్ ఎదురుగా టిక్కు పెట్టాడు.

హెడ్ మీద శుభ్రమైన గుడ్డ కప్పి వచ్చాను. ఇంకా పన్నెండు వాల్వులు ఉన్నాయి.