నేను ముట్టుకోని లైను

పదకొండున్నర దాటింది. పడుకుందామంటే నా ప్రోగ్రాములోని ఆ 87వ లైను కళ్ల ముందే తిరుగుతోంది.

అసెంబ్లీ భాషలో రాస్తున్న పాములాట మొత్తం ఒక్క బూట్ సెక్టారులో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కులో మొదట చదివే 512 బైట్ల ముక్కలో, పట్టాలన్నది నా పంతం. అందులో చివరి రెండూ ఇది బూట్ సెక్టారేనని చెప్పే 55, ఏఏ గుర్తుకే పోతాయి, నాకు దక్కేవి 510. స్కోరు లేదని పాప మూడు రోజులుగా సణుగుతోంటే, సాయంత్రం బొమ్మ గీసే లూపు మధ్యలో ఓ ఆరు లైన్లు చేర్చాను. కోడ్‌ని మెషిన్ బైట్లుగా మార్చే అసెంబ్లరు నాస్మ్ ఏమంది? "షార్ట్ జంప్ ఈజ్ అవుట్ ఆఫ్ రేంజ్". ఎక్కడ? 87లో. దాన్ని ఇవాళ ముట్టుకోనే లేదు! సీఎక్స్‌లోని లెక్క ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే వెనక్కి దూకే లూప్ ఇన్‌స్ట్రక్షన్ అది, నెల రోజులుగా బుద్ధిగా పనిచేస్తోంది.

కారణం తెలియక కాదు. ఎంత దూరం దూకాలో చెప్పడానికి లూప్‌లో ఉండేది ఒక్క బైటే. వెనక్కి 128 బైట్లు, ముందుకి 127, అంతే. నా ఆరు లైన్లతో దూరం అది దాటిపోయింది. జేఎన్‌జెడ్‌కి (సున్నా కాకపోతే దూకేది) 386 ప్రాసెసర్ నుంచి పొడుగు రూపం వచ్చింది, లూప్‌కి ఇప్పటికీ లేదు. సరేనని లూప్ తీసేసి, అదే పని రెండు ముక్కలుగా చేసే డెక్ సీఎక్స్, జేఎన్‌జెడ్ పెట్టాను. రెండు బైట్ల చోట ఐదు. ఇంకో మూడు కావాలి, మిగిలి ఉన్నది ఒక్కటే. వెంటనే "టైమ్స్ వాల్యూ -2 ఈజ్ నెగటివ్" అని, చివర్లో మిగిలిన చోటు సున్నాలతో నింపే లైను మీద పడింది. అదీ నేను ముట్టుకోనిదే.

"గిన్నె ఒకరు పడేస్తే, పక్కన నిలబడ్డవాణ్ణి తిట్టినట్టుంది" అంది మా ఆవిడ. గంట సేపు నేను తిట్టుకున్నదంతా ఒక్క ముక్కలో తేల్చేసింది.

కాలేజీలో 8085 ప్రాసెసర్ కిట్ గుర్తొచ్చింది. అసెంబ్లరూ లేదు, ఎర్రరూ లేదు. ఆప్‌కోడ్లు, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి ఉండే అంకెలు, పట్టికలో వెతుక్కుని, రికార్డు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుని, ఒక్కో బైటూ మీటలు నొక్కి ఎక్కించాలి. మధ్యలో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మర్చిపోయామా, కింద అడ్రసులన్నీ జరుగుతాయి, జంపులన్నీ మార్చాలి. నా పేజీలు రబ్బరు రుద్ది రుద్ది చిల్లులు పడ్డాయి. "మధ్యమధ్యలో నాలుగైదు సున్నాలు వదిలెయ్ బాబూ, తర్వాత పనికొస్తాయి" అన్నాడు ల్యాబ్ అటెండరు. సున్నా సున్నా అంటే నాప్, ఏమీ చెయ్యదు. ఏ లెక్చరరూ చెప్పని మాట అది. ఇంతలో కరెంటు పోయేది, ఎక్కించిందంతా గాలికి. మళ్లీ 8000 అడ్రసు నుంచి మొదలు.

ఆ కిట్టే నయం, కనీసం ముట్టుకోని లైను మీద నింద వేసేది కాదు అని రాయబోయాను. కానీ అబద్ధం. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు 8005కి దూకాలంటే జంపు కోడు సీ2 తర్వాత అడ్రసులో చివరి సగం ముందు, సీ2 05 80 అని ఎక్కించాల్సింది, తిప్పి 80 05 అని కొట్టాను. కిట్ ఏమీ అనలేదు. డిస్‌ప్లే వెర్రిమొహం వేసుకుని కూర్చుంది, నేనూ అలాగే.

ఇవాళ రాత్రీ అదే జరిగింది. రెండు బైట్ల కోసం రెండు చోట్ల బీఎక్స్‌ని సున్నా చేసే మూవ్ బీఎక్స్, 0 తీసి, అదే పని చేసే ఎక్సార్ పెట్టాను, చోటుకో బైటు ఆదా. చక్కగా అసెంబుల్ అయింది, ఒక్క మాట అనలేదు. ఆడి చూస్తే పాము మొదటి అడుగులోనే చచ్చిపోతోంది. నలభై నిమిషాలు పట్టింది. నేను మార్చిన ఒక మూవ్ సరిగ్గా కంపేర్‌కీ, సమానమైతే దూకే జేఈకీ మధ్యలో ఉంది. పోలిక ఫలితాన్ని దాచే ఫ్లాగుల్ని మూవ్ తాకదు, ఎక్సార్ తాకుతుంది. 87 గురించి అంత నోరు పారేసుకోకుండా ఉండాల్సింది.

ఆ ఒక్కటి మళ్లీ మూవ్ చేశాను. ఒక బైటు ఎక్కువైంది. చివరికి "గేమ్ ఓవర్"లో గేమ్ పీకేశాను, దాని పక్కన ఖాళీతో కలిపి ఐదు అక్షరాలు పోయాయి. స్కోరు వస్తోంది. నాలుగు బైట్లు మిగిలాయి.

పొద్దున లేవగానే పాప కీచుమనే శబ్దం కావాలంటుంది. ఏఎక్స్‌లో 0ఈ07 వెయ్యడానికి మూడు బైట్లు, ఆ శబ్దం చెయ్యమని బయోస్‌ని పిలిచే ఇంట్ 10కి రెండు.

ఒకటి తక్కువ.