సగటు గ్రాఫుకు చిక్కని బర్స్ట్: ఎన్‌కోర్ క్యూఓఎస్ చదివిన తీరు

సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్‌పీలోని ఎన్‌కోర్ 350-401 పరీక్షకు సిద్ధమయ్యే మిత్రులు చాలామంది క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కు ఎంత ప్రాధాన్యమివ్వాలో చెప్పే పద్ధతులు) అధ్యాయాన్ని, ప్యాకెట్ల ప్రాధాన్యాన్ని సూచించే డీఎస్‌సీపీ విలువల పట్టికతో మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ పట్టికను చివర్లో చూసుకున్నా సరిపోతుంది. లింకు దాదాపు ఖాళీగా కనిపిస్తున్నప్పుడు కూడా ప్యాకెట్లు ఎందుకు డ్రాప్ అవుతాయో ముందుగా తేల్చుకోవాలి, అది కాగితం మీద లెక్క వేస్తే తప్ప బుర్రకెక్కదు.

1 గిగాబిట్ ఇంటర్‌ఫేస్‌లో వచ్చిన ట్రాఫిక్ 100 మెగాబిట్ ఇంటర్‌ఫేస్ గుండా బయటికి పోవాలనుకుందాం. 1500 బైట్ల ప్యాకెట్లు 12 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తుంటే, ఒక్కొక్కటి బయటికి పోవడానికి 120 మైక్రోసెకన్లు పడుతుంది. అవుట్‌పుట్ క్యూ పరిమితి 40 ప్యాకెట్లయితే అది అర మిల్లీసెకను దాటగానే నిండిపోతుంది. హార్డ్‌వేర్ రింగును (ఇంటర్‌ఫేస్‌లోని చిన్న బఫర్‌ను) పక్కనపెడితే, సెకనుకొకసారి వచ్చే 5 మిల్లీసెకన్ల బర్స్ట్ (ఒక్కసారిగా వచ్చిపడే ట్రాఫిక్)లోని సుమారు 416 ప్యాకెట్లలో దాదాపు 335 డ్రాప్ అవుతాయి. అయినా సగటు వినియోగం 1 శాతం దగ్గరే ఉంటుంది. షో ఇంటర్‌ఫేసెస్ కమాండ్ చూపే రేటు డిఫాల్ట్‌గా 5 నిమిషాల సగటు; ఆ సగటు వ్యవధిని, అంటే లోడ్-ఇంటర్వల్‌ను, 30 సెకన్లకు తగ్గించినా ఈ బర్స్ట్ అందులో కనిపించదు. గమనించవలసింది అవుట్‌పుట్ డ్రాప్స్ కౌంటర్‌ను, అది ఎంత వ్యవధికొకసారి పెరుగుతోందన్న విషయాన్ని.

ఆ వ్యవధే ఒక్కోసారి దోషిని పట్టిస్తుంది. 1992లో బర్క్‌లీ నుంచి ఎంఐటీకి పంపిన పింగ్‌లు 90 సెకన్లకొకసారి డ్రాప్ అవుతున్నాయని నెట్‌వర్క్ పరిశోధకులు శాలీ ఫ్లాయిడ్, వాన్ జేకబ్సన్ గమనించారు. రౌటర్లు దారుల సమాచారం పంచుకునే ఐజీఆర్‌పీ ప్రోటోకాల్ అప్‌డేట్ల వ్యవధి కూడా 90 సెకన్లే. ఆ దారిలోని నియర్‌నెట్ అనే ప్రాంతీయ నెట్‌వర్క్ రౌటర్లు వాటిని ప్రాసెస్ చేసే సమయంలో ప్యాకెట్లను ముందుకు పంపలేకపోయేవి. అంటే అక్కడ నిండింది లింకు కాదు, తీరిక లేనిది ప్రాసెసర్‌కు. మరో రౌటింగ్ ప్రోటోకాల్ రిప్ వెర్షన్ 2లో 30 సెకన్ల టైమర్‌కు 5 సెకన్ల వరకు యాదృచ్ఛిక తేడా కలపమన్నది రౌటర్ల అప్‌డేట్లన్నీ ఒకే క్షణానికి చేరకుండా ఉండడానికే.

డ్రాప్‌లు చూడగానే క్యూ పరిమితి పెంచాలనిపించడం సహజమే కానీ, అదే 100 మెగాబిట్ లింకులో 400 ప్యాకెట్ల క్యూ నిండితే చివరి ప్యాకెట్ 48 మిల్లీసెకన్లు ఆగుతుంది, వాయిస్ కాల్‌కు అది చిన్న ఆలస్యమేమీ కాదు. అదనపు ట్రాఫిక్‌ను క్యూలో ఆపి పంపే షేపింగ్‌కూ, దాన్ని సాధారణంగా అక్కడికక్కడే డ్రాప్ చేసే పోలీసింగ్‌కూ మధ్య తేడాను ఈ లెక్క తర్వాత చదివితే నిర్వచనాలు కంఠస్థం చేయనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: జీఎన్‌ఎస్3 వంటి వర్చువల్ ల్యాబ్‌లో కాన్ఫిగరేషన్ సాధన బాగా కుదురుతుంది గానీ, మిల్లీసెకన్ల ప్రవర్తన మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది కాబట్టి అక్కడ కనిపించిన డ్రాప్ సంఖ్యలను లెక్కలోకి తీసుకోకండి.