డబ్బెవరిది, తొందరెవరిది

దక్షిణ కొరియాలోని డేజాన్‌లో బ్యాటరీ పదార్థాల మీద పని చేస్తున్నాను. ఇక్కడి డేడక్ ప్రాంతంలో ఎటు చూసినా పరిశోధన సంస్థలే. 1973లో దీనికి పునాది పడేనాటికి కొరియా పరిశోధనకు పెట్టేది జాతీయాదాయంలో అర శాతం కూడా లేదు. ఇప్పుడు 5 శాతం. మనది 0.64 దగ్గరే ఉంది.

"అంత పెట్టారు కాబట్టే బాగుపడ్డారు కదరా" అంటాడు మా బాబాయ్ ఫోన్‌లో. అంత తేలిగ్గా చెప్పలేం బాబాయ్. 1960లలో వీళ్లు అమ్మింది విగ్గులు, బట్టలు, ప్లైవుడ్. యంత్రాలూ, పరిజ్ఞానమూ బయటి నుంచి కొనుక్కున్నారు. 1966లో అమెరికా సాయంతో కిస్ట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ పెట్టి, విదేశాల్లో ఉన్న తమ శాస్త్రవేత్తలను మంచి జీతాలిచ్చి వెనక్కి పిలిపించుకున్నారు. (ఇది చదివినప్పుడు నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం.) ఎగుమతుల్లో పోటీ పెరిగాక కంపెనీలే సొంత ల్యాబులు తెరిచాయి. ఇప్పుడు ఖర్చులో దాదాపు ఐదింట నాలుగు వంతులు వాటిదే. మన దగ్గర సగానికి పైగా సర్కారు సొమ్మే.

తేడా ఏమిటో పనిలో దిగితే తెలుస్తుంది. మా గ్లవ్ బాక్స్‌లో (బయటి గాలి తగలకుండా లోపల పని చేసుకునే మూసిన పెట్టె) ఆక్సిజన్ సెన్సర్ పోతే రెండో రోజుకల్లా కొత్తది వచ్చింది. మా ప్రాజెక్టులో డబ్బు పెట్టిన కంపెనీ ఇంజనీరు వచ్చే సోమవారం రిజల్ట్ అడుగుతాడు మరి! ఇండియాలో నేను చేసిన ల్యాబులో అలాంటిదానికే మూడు కొటేషన్లు, కొనుగోలు కమిటీ, ఆడిట్ వాళ్ల ప్రశ్నలు. మార్చి 31 దగ్గర పడితే మాత్రం అక్కర్లేని కెమికల్స్ కూడా పెట్టెలకొద్దీ దిగేవి. ఆలస్యమైతే అడిగేవాడు లేడు.

ఇక్కడా అంతా సుఖమేం కాదు. 2024లో ప్రభుత్వం పరిశోధన బడ్జెట్‌ను సుమారు 15 శాతం కోసింది. మా ఫ్లోర్‌లో అందరికీ ఒకటే టెన్షన్. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకైతే నిద్రే లేదు, నాతో సహా. మరుసటి ఏడు మళ్లీ పెంచారు. మా ప్రాజెక్టులో కంపెనీ వాటా ఉండబట్టి నేను బయటపడ్డాను.

2023లో మన పార్లమెంటు, పరిశోధనలకు డబ్బిచ్చే అనుసంధాన్ ఫౌండేషన్ కోసం చట్టం చేసింది. అయిదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలట. మొత్తం ఎన్ని కోట్లన్న సంగతి అలా ఉంచి, ఏ కంపెనీ ఎంత ఇచ్చింది, ఏ రిజల్ట్ కోసం ఇచ్చింది అన్నది చూడమని బాబాయ్‌కి చెప్పాను.