‘వార్ అండ్ పీస్’ ఎవరి అనువాదం కొనాలో తేలేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నిన్న సాయంత్రానికి మా అందరి చేతుల్లోకీ ఒకటే పుస్తకం వచ్చింది. ఒకటే అంటే నిజంగా ఒకటే. అదే అనువాదం, అదే ప్రచురణ, నలభయ్యో పేజీ అంటే ఐదుగురికీ అదే నలభయ్యో పేజీ. దీనికింత హడావుడి దేనికి అనిపిస్తే మీరూ ఓసారి ఈ పని నెత్తినేసుకుని చూడండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్స్ రాస్తాను. మిగతా నలుగురూ మా వదిన, డిగ్రీ చదివే వదిన కూతురు, కింద పోర్షన్‌లో ఉండే బాబాయిగారు, పిన్నిగారు. బాబాయిగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు చవగ్గా వచ్చిన సోవియట్ పుస్తకాలు ఆయన బీరువా నిండా ఉన్నాయి. ఏడాదంతా ఒకే పెద్ద నవల కలిసి చదువుదామన్న ఆలోచన ఆయనదే. ఏ నవలో తేల్చడం సులువుగానే అయిపోయింది. టాల్‌స్టాయ్ రాసిన రష్యన్ నవల ‘వార్ అండ్ పీస్’లో 361 అధ్యాయాలు, చాలావరకు చిన్నవే. రోజుకొకటి చదివితే ఏడాదికి సరిపోతుంది.

తెలుగులోనే చదవాలని పిన్నిగారు పట్టుబట్టారు. నాకూ అదే ఇష్టం. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ లాంటి అనువాదకుల పుణ్యమా అని బెంగాలీ రచయిత శరత్‌బాబుని మనవాడే అనుకుని చదివిన ఊరు మనది. కానీ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో వెతికితే తెలుగు అనువాదం ఒక్క సంపుటమే దొరికింది, అదీ ముందు పేజీలు ఊడిపోయి. అది ఐదుగురికి ఏం చాలుతుంది? సరే, ఇంగ్లీషే అనుకున్నాం.

అక్కడ మొదలైంది అసలు సంగతి. ఇంగ్లీషులో ఒకటి కాదు. కాన్‌స్టన్స్ గార్నెట్ 1904లో చేసింది, ఈ పని మీదే ఆవిడ కళ్ళు పాడైపోయాయి. లూయీస్, ఎయిల్మర్ మాడ్ దంపతులది 1922–23లో వచ్చింది. తర్వాత రోజ్‌మెరీ ఎడ్మండ్స్, ఆన్ డన్నిగన్, 2005లో ఆంథొనీ బ్రిగ్స్, 2007లో పెవియర్, వొలొఖోన్‌స్కీ జంట. ఇవి కాక ఇంకా ఉన్నాయి. ఎవర్నైనా తెలిసినవాళ్ళని అడుగుదామన్నాను. బాబాయిగారికి తెలిసిన ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ ఉన్నారు. ఆదివారం పొద్దున రమ్మన్నారు. నలుగురం వెళ్ళాం.

ఆయన హాల్లో నాలుగు వైపులా అద్దాల బీరువాలు, ప్రతిదానికీ తాళం. బాబాయిగారికి కుర్చీ చూపించారు. మమ్మల్ని దివాన్ మీద కూర్చోమన్నారు. వచ్చిన పని చెప్పాను. ఆయన నా వంక చూడకుండా బాబాయిగారితో, “మీరు చదువుతారు సరే, వీళ్ళు కూడానా?” అన్నారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది, కానీ వదిన కూతురు ముందు బాగుండదని ఊరుకున్నాను.

తర్వాత తాళం తీసి ఇటుక లాంటి పుస్తకం ఒకటి తీశారు. పెవియర్, వొలొఖోన్‌స్కీ అనువాదం. దాన్ని నా చేతికివ్వలేదు. తనే పట్టుకుని, నా ముందు తెరిచి, “మొదటి వాక్యం చదవండమ్మా” అన్నారు. చూస్తే అది ఇంగ్లీషు కాదు. ‘ఎ బ్యాఁ, మోఁ ప్రాఁస్’ అని మొదలయ్యే ఫ్రెంచి. అప్పుడు నాకు ఆ పలుకుబడి ఎక్కడ తెలుసు? ఉన్న అక్షరాలు ఉన్నట్టు కూడబలుక్కుని చదివాను. ఆయన మధ్యలో ఆపలేదు. రెండు లైన్లు అయ్యేదాకా చదవనిచ్చి, అప్పుడు నవ్వారు. “చూశారా, మొదటి పేజీలోనే ఇట్లా ఉంటే పన్నెండు వందల పేజీలు ఎట్లా లాగుతారు? పిల్లలకి కుదించి వేసినవి దొరుకుతాయి, బొమ్మలు కూడా ఉంటాయి. ముందు అవి చదువుకోండి.” నా చెవులు వేడెక్కిపోయాయి. వదిన కూతురు నేల చూపులు చూస్తోంది.

బాబాయిగారు మాట మార్చడానికి, “మాడ్ వాళ్ళది టాల్‌స్టాయే మెచ్చుకున్నాడంటారు కదండీ” అన్నారు. “అవన్నీ అమ్ముకునేవాళ్ళ మాటలు” అని ఆయన కొట్టిపారేశారు. తర్వాత ఫ్రెంచి లేని అనువాదం అనువాదమే కాదని, రష్యా దొరలు ఫ్రెంచిలో మాట్లాడుకోవడమే ఆ నవలకి ప్రాణమని చాలాసేపు చెప్పారు. టీ తాగి వచ్చేశాం. ఆటోలో ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక అదే అనువాదం శాంపిల్ ఫోన్లో దింపుకున్నాను. ఆ ఫ్రెంచి అంతటికీ ఇంగ్లీషు అర్థం ఫుట్‌నోట్‌గా ఇచ్చే ఉంది. అచ్చు పుస్తకంలో అయితే అది అదే పేజీ అడుగున ఉంటుందట. ఆయన పుస్తకం పట్టుకున్న తీరు అప్పుడు గుర్తొచ్చింది, బొటనవేలు సరిగ్గా కింది మార్జిన్ మీద! కావాలని పెట్టారో, అలవాటుగా పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం కావాలనే పెట్టారని నమ్ముతున్నాను.

ఇక నాకు పట్టుదల వచ్చింది. లెడ్జర్‌లో ఒక్క రూపాయి తేడా వస్తే దొరికేదాకా లేచే రకం కాదు నేను. వెతగ్గా వెతగ్గా దొరికింది. 1873లో తన రచనలన్నీ మళ్ళీ అచ్చు వేయించినప్పుడు టాల్‌స్టాయ్ స్వయంగా ఈ నవల్లోని ఫ్రెంచిని తీసేసి రష్యన్‌లో పెట్టాడు. యుద్ధం మీద, చరిత్ర మీద తన ఉపన్యాసాలు చాలావరకు చివరికి నెట్టేశాడు. తర్వాతి ముద్రణల్లో ఫ్రెంచి మళ్ళీ వచ్చి చేరింది, అది వేరే విషయం. రాసినవాడే ఒకసారి తీసేసినదాన్ని మేం లేకుండా చదివితే తప్పొచ్చిందా? ఈ ముక్క మర్యాదగా, నమస్కారాలతో సహా టైప్ చేసి ఆయనకి వాట్సాప్‌లో పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

న్యాయంగా చెప్పాలంటే మెచ్చుకోలు సంగతిలో ఆయన అన్నది మరీ తప్పు కాదు. టాల్‌స్టాయ్ 1910లోనే పోయాడు, మాడ్ దంపతుల ‘వార్ అండ్ పీస్’ అచ్చయింది ఆ తర్వాత. ఆయన మెచ్చుకున్నది వాళ్ళ అంతకుముందు పనిని. అట్ట మీద ఏం రాసినా నమ్మేయకండి. చదువుకున్నవాళ్ళని సలహా అడగడం గురించి కూడా నాకో అభిప్రాయం ఏర్పడింది కానీ, బాబాయిగారు నొచ్చుకుంటారని రాయను.

ఎంచుకోవడానికి చివరికి మేం చేసింది ఇది. గార్నెట్, మాడ్ అనువాదాలకి కాపీరైటు కాలం అయిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బ్రిగ్స్‌ది వదిన కూతురు వాళ్ళ కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చింది. ముగ్గురిలోనూ ఒకే ఘట్టం బయటికి చదివించాం. తాగిన కుర్రాళ్ళు పోలీసువాణ్ణి, ఎలుగుబంటిని వీపుకి వీపు ఆనించి కట్టి నదిలో వదిలేస్తారు చూడండి, ఎలుగు ఈదుతుంటే పోలీసు దాని వీపు మీద వెల్లకిలా! అది చదువుతుంటే ఎవరికి ఎక్కడ నవ్వొస్తుందో చూశాం. గార్నెట్ హాయిగా సాగుతుంది కానీ అందరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టుంటుంది. బ్రిగ్స్ సిపాయిలు అచ్చం లండన్ వీధుల్లో జనంలా మాట్లాడతారు, వదినకి అది భలే నచ్చింది. మాడ్ చదివినప్పుడు మాత్రం పిన్నిగారు “ఇది నాకు అర్థమవుతోందే” అన్నారు. మాలో ఇంగ్లీషు తక్కువ వచ్చింది ఆవిడకే. ఆవిడకి అర్థమైనదే ఖాయం చేశాం. ఒక్కటే చిరాకు. మాడ్ వాళ్ళు ఆంద్రేని ఆండ్రూ చేశారు, మార్యాని మేరీ చేశారు. పిన్నిగారేమో మేరీ అంటే మన వీధి పిల్లలా ఉందిలే అంటున్నారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇదే మాడ్ అనువాదాన్ని 2010లో ఎయిమీ మాండెల్‌కర్ అనే ఆవిడ సవరించినప్పుడు ఫ్రెంచి మళ్ళీ పెట్టేశారు. మాడ్ పేరు చూసి తొందరపడి కొనకండి, లోపల ఒక పేజీ తిరగేయండి.

కొనడం ఇంకో తలనొప్పి. ఒక షాపులో అనువాదం ఎవరిదని అడిగితే, “ఎవరిదైతే ఏముందమ్మా, రాసింది టాల్‌స్టాయే కదా” అన్నాడు. మా షాపుకి వచ్చే మేస్త్రీలు డబ్బా మీద కంపెనీ పేరు లేకపోతే పిస్టన్ రింగు ముట్టుకోరు, వెయ్యి పేజీల పుస్తకం మాత్రం పేరు లేకుండా కొనేయాలట! ఆన్‌లైన్‌లో ఇంకా అన్యాయం. అన్ని అనువాదాల రివ్యూలూ ఒకే చోట కలిపేస్తారు. ఒకాయన బ్రిగ్స్‌ని పొగుడుతుంటాడు, పైన బొమ్మ ఇంకొకరి పుస్తకానిది. శాంపిల్ మాడ్‌దే కదా అని మూడు కాపీలు పెట్టాను. వచ్చినవాటి మీద గుర్రమెక్కిన నెపోలియన్ బొమ్మ ఉంది కానీ, అనువాదకుల పేరు అట్ట మీదా లేదు, లోపలా లేదు. వెనక్కి తిప్పితే ఎపిలోగ్ మొత్తం మాయం. కొనేముందు టైటిల్ పేజీ, దాని వెనక పేజీ చూడండి. అక్కడ అనువాదకుల పేరు లేకపోతే ఎంత చవకైనా వద్దు. అందరికీ ఒకే చోట, ఒకేసారి ఆర్డర్ పెట్టండి. అక్షరాలు మరీ చిన్నవైతే పెద్దవాళ్ళకి ఫోన్లోని ఉచిత ప్రతే మేలు. బాబాయిగారు ఇంట్లో అదే పెద్దది చేసుకుని చదువుతున్నారు, పుస్తకం పేజీ నంబర్లు చూసుకోవడానికి పనికొస్తోంది.

చివరికి ఏలూరు రోడ్డులో ఒక కుర్రాడు ఐదూ ఒకే ప్రచురణవి తెప్పించి ఇచ్చాడు. మొదటి పేజీలో అనువాదకుల పేర్లు తనే వేలు పెట్టి చూపించాడు. నెపోలియన్ బొమ్మవి మూడూ రిటర్న్ పెట్టాను. రెండింటికి డబ్బులు పడ్డాయి, మూడోదానికి ఇంకా ‘ప్రాసెసింగ్’ అనే చూపిస్తోంది.