పథ్యం పెట్టి పిల్లని ఎండగట్టాం

మా చిన్నదానికి పద్నాలుగేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా, అదే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు, పసితనం నుంచీ ఉన్నదే, మధ్యలో నాలుగేళ్లు సద్దుమణిగి ఎనిమిదో క్లాసులో మళ్లీ మొదలైంది. పొద్దున్నే దుప్పటి దులిపితే పొట్టు రాలేది, దిండు గలీబు మీద రక్తం చుక్కలు.

ఇంక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ డాక్టరే. అత్తయ్య వంకాయ మాన్పించారు, పిన్ని గోంగూర, పక్కింటావిడ గుడ్డు, మా ఆయన ఏదో వీడియో చూసి పాలూ పెరుగూ కూడా ఆపేశారు, నీసు సంగతి సరేసరి. ఏడాదిపాటు చారన్నం, బీరకాయ, ఇడ్లీ, అంతే. దురద తగ్గలేదు గానీ బరువు నాలుగు కేజీలు తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం.

స్కిన్ డాక్టరు చెయ్యి చూడకముందే కనురెప్ప కిందకి లాగి చూసింది. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, విటమిన్ డి రెండూ అడుగున. ఐరన్ తగ్గితే ఆ ఒక్కదానికే ఒళ్లంతా దురద పుట్టొచ్చట, అంటే ఉన్న దురద చాలక మేం ఇంకోటి తెచ్చిపెట్టామేమో! ఈ వయసులో ఎదుగుదలకీ నెలసరికీ ఐరన్ బోలెడు కావాలి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. స్కూల్లో వారానికో నీలం ఐరన్ మాత్ర ఇచ్చేది అందుకే, మా పిల్లేమో కడుపులో తిప్పుతుందని బ్యాగులో దాచేది.

విటమిన్ డి తక్కువున్నవాళ్లలో, బాగా లావున్న పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువ కనిపిస్తుందట, అలాగని మాత్రలు మింగితే చర్మం బాగైపోతుందనుకోవద్దంది. ఎగ్జిమా ఉన్న కొందరికి చర్మంలో తేమని పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువ, దానికి వంకాయ ఏం చేస్తుంది పాపం. ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతులు ఉంటే అది వేరే కథ, టెస్ట్ చేయించాలి. ఊరికే పాలు, గుడ్డు ఏళ్లతరబడి మాన్పిస్తే కొందరికి మళ్లీ పెట్టినప్పుడు పెద్ద అలర్జీయే రావొచ్చట, ఇది విన్నాక నాకు కాళ్లు చల్లబడ్డాయి.

అదృష్టం, డాక్టర్ని అడిగి మెల్లగా అన్నీ మొదలుపెడితే ఏమీ కాలేదు. ఇప్పుడు నలుగు బంద్, గోరువెచ్చని నీళ్ల స్నానం, ఒళ్లు తడారకముందే మందంగా క్రీమ్, ఎర్రబడ్డచోట డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్, రోజూ గుడ్డు. హిమోగ్లోబిన్ 11 దాటింది. నిన్న రాత్రి కూడా గోక్కుంది లెండి, కాకపోతే అంతకుముందు రొయ్యల వేపుడు రెండుసార్లు అడిగి పెట్టించుకుంది, అత్తయ్య నా వంక చూడలేదు.